ముక్కుసూటి

సోడర్‌టెల్యేలో జనవరి పొద్దు
మూడున్నరకే షట్టరు దించేస్తుంది.
ఆ వేళప్పుడు బండి తెచ్చినవాడు
చలికి కాదు, కోపానికి వణుకుతున్నాడు.
"పెడల్ తొక్కితే చాలు, కుడికి గుంజుతోంది.
నా చేతుల్లోంచే స్టీరింగ్ లాక్కుంటోంది!"

సిక్స్‌టెన్ సగం మాటలు మింగే మనిషి.
తాళంచెవి తీసుకుని
నాకు పక్క సీటు చూపించాడు.

ఊరి బయట, మంచు గీకేసిన పాత రోడ్డు.
రెండో గేరు. చేతులు స్టీరింగ్ మీద ఆనీ ఆననట్టు.
కాలు అదిమాడు.
టర్బో ఊపిరి పీల్చుకుంది,
ముక్కు పైకి లేచింది,
ఎవరో చెవి పట్టి తిప్పినట్టు
బండి కుడికి మళ్ళింది.
కాలు తీశాడు.
ఏమీ ఎరగనట్టు మళ్ళీ తిన్నగా.

"దీనికి పొగరు లేదు షమీరాం.
బలం ఎక్కువైంది, పంపకం కుదరలేదు."

లిఫ్ట్ ఎక్కించి కిందనుంచి దీపం పట్టాడు.
ఇరుకు గదిలో చుట్టం పడుకున్నట్టు
ఇంజను అడ్డంగా ఉంది.
గేరుపెట్టె ఎడమ గోడకి ఒత్తుకుపోయింది.
అందుకే ఎడమ చక్రానికి మూరెడు ఇరుసు,
కుడిదానికి దాదాపు రెండు మూరలు.

"పొడుగుది మెలిపడి ఆలస్యంగా అందుకుంటుందంటారు.
అబద్ధం కాదు, సగం నిజం.
మిగతా సగం ఇక్కడుంది" అని
కీలు మీది నల్ల రబ్బరు తొడుగు తట్టాడు.
"ముక్కు లేస్తే ఇరుసులు వాలతాయి.
పొట్టిది ఎక్కువ వాలుతుంది, పొడుగుది తక్కువ.
వాలిన కీలు చక్రాన్ని తిప్పి ఊరుకోదు,
పక్కకీ కాస్త తోస్తుంది.
రెండు తోపులూ సమానమైతే
ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి,
నీదాకా కబురు రాదు.
కొట్టేయగా మిగిలిందే
నీ అరచేతిలో గుంజుడు."

"మరి మెల్లగా పోతే?"
"తేడా అప్పుడూ ఉంటుంది. వినబడదంతే."

ఇంట్లో సూరయ్త్, వీధిలో స్వీడిష్ మాట్లాడే నాకు
అది విడమరిచి చెప్పనక్కర్లేదు.
కోపమొచ్చిన రోజు నా నోరు
ఎటు మళ్ళుతుందో అమ్మకి తెలుసు.

ఆయన దీపం పట్టుకుని అవతలికి నడిచాడు.
అప్పుడు చూశాను,
ఎడమ బూటు అడుగున రెండు వేళ్ళ మందం
అదనపు తోలు.
ఆరేళ్ళుగా ఆ చిన్న కుంటుని
లారీ ఫ్యాక్టరీ గాయమనుకున్నాను.

నా చూపు పట్టేసుకున్నాడు.
"పుట్టుకతోనే.
చిన్నప్పుడు మంచులో పరిగెడితే
నా అడుగులు బడివైపు బయల్దేరి
సరస్సు వైపు తేలేవి.
అమ్మ జాడ పట్టుకుని వచ్చేది."
నవ్వి, పానా అడిగాడు.
నేనిచ్చింది పదమూడు.
కావలసింది పదిహేడు.

కొన్ని బండ్లకి మధ్యలో ఇంకో ఇరుసు పెట్టి,
బేరింగు మీద నిలిపి,
రెండు పక్కలా సమానం చేస్తారట.
దీన్ని కట్టినవాళ్ళకి డబ్బు చాల్లేదో, జాగా చాల్లేదో.
మేం చేయగలిగింది చేశాం.
చీకిపోయిన బుష్ ఒకటి మార్చాం,
ముందు టైర్లు ఒకటి కొత్తది, ఒకటి బోడిది,
రెండూ ఒక ఈడువి వేశాం.

"పోయిందా?" అన్నాడు బండాయన.
"తగ్గింది" అన్నాడు సిక్స్‌టెన్.
"పోవాలంటే బండి మార్చు.
లేదంటే పిడికిలి వదులు చేసుకో."
ఆయన డబ్బు కట్టి, తలుపు గట్టిగా వేసి పోయాడు.

ఇంటికొస్తుంటే కాలువ వంతెన ఎత్తేశారు.
ఓడొకటి దీపాలతో తీరిగ్గా దాటింది.
వంతెన దిగాక, ఆ చిన్న ఎగుడులో
నా పాత బండి పెడల్ తొక్కాను.
అరచేతిలో చిన్న గుంజుడు,
ఇటు చూడు అన్నట్టు.

ఇన్నాళ్ళూ రోడ్డుదే వంకరనుకున్నాను.
చూశాను.
చూసి,
తిన్నగానే పోయాను.